డీప్ ఫ్రీజర్‌కు నాలుగు కొళాయిలు

ఇంట్లో మాంసం దాచుకునే డీప్ ఫ్రీజర్‌ను బీరుపెట్టెగా మార్చుకోని మగవాడు సంఘద్రోహి!

తొందరపడి పేపరు మడిచేయకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను ఈ మాట.

ఒకప్పుడు మా విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏ ఊరికి వెళ్లినా వీధి మలుపులో ఒక బీరు దుకాణం ఉండేది. మా ఊళ్లో అది విల్మాది. ఎంత అనాగరికమైన ఏర్పాటో చూడండి! ఒక గ్లాసు బీరు తాగాలంటే ముందు ఉతికిన చొక్కా తొడుక్కోవాలి. ఇల్లు కదలాలి. పక్క స్టూలు మీద ఎవడు కూర్చుంటే వాడి కథ వినాలి. వాడి నడుంనొప్పి గురించి, వాడి కూతురి విడాకుల గురించి, పోయిన ఎన్నికల్లో వాడు ఓటేసిన పనికిమాలినవాడి గురించి. అంతా విని "అయ్యో పాపం" అని కూడా అనాలి. గొంతు తడుపుకోవడానికి ఇంత శిక్షా?

రెండేళ్ల కిందట మోకాళ్లు అరిగిపోయి విల్మా దుకాణం మూసేసింది. ఊరు ఊరంతా ముక్కు చీదింది. నేను మాత్రం ఇక పురోగతి మొదలవుతుందని అప్పుడే చెప్పాను. మొదలైంది! మగవాళ్లంతా ఎవరింట్లో వాళ్లు బీరు కాచుకోవడం నేర్చుకున్నారు. అనుమానం ఉంటే మా వీధిలో నార్బ్ జాస్ట్రో సంగతి వినండి.

నార్బ్ కాగితం మిల్లులో ముప్పై తొమ్మిదేళ్లు పనిచేసి ఈ ఏడే రిటైరయ్యాడు. బీరు బాగానే కాచేవాడు. కానీ సీసాల్లో నింపేవాడు. ప్రతిసారీ యాభై సీసాలు కడగాలి, యాభై మూతలు బిగించాలి. ఇంత వెనకబడిన బతుకు బతుకుతూ కూడా ఏ లోటూ లేనట్టే తిరుగుతుండేవాడు పాపం.

ఎదురింటి లైల్ అతని కళ్లు తెరిపించాడు. లైల్ పైపుల పనివాడు, నార్బ్‌కు నలభై ఏళ్ల స్నేహితుడు, ఒంటరి మనిషి. ఒకరోజు నార్బ్‌ను తన గ్యారేజీకి పిలిచి, అక్కడున్న డీప్ ఫ్రీజర్‌ను గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు. మూత కింద చెక్క చట్రం, చట్రానికి మెరిసే మూడు కొళాయిలు. లోపల బీరు పీపాలు, వాటిని నెట్టడానికి గ్యాస్ సిలిండర్.

"సీసాలు ఇంకా కడుగుతున్నావా నార్బ్?" అన్నాడు లైల్. "మా అమ్మమ్మ కూడా మానేసిందిరా ఆ పని."

పక్కింటి పశువుల డాక్టరు ఆర్డెన్ కూడా అప్పటికే తన ఫ్రీజర్‌కు మూడు కొళాయిలు బిగించేశాడు. ఆ మాట విన్న క్షణంలోనే నార్బ్ నాలుగని నిశ్చయించుకున్నాడు.

ఆ సాయంత్రం నార్బ్ వంటింట్లోకి వచ్చాడు. భార్య ఆర్లిస్ పెరట్లో కోసుకొచ్చిన పుల్లటి రూబార్బ్ కాడలు ముక్కలు చేస్తోంది.

"మన ఫ్రీజర్‌లో ఏముంది?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"ఒకటిన్నర జింక. నువ్వు వేటాడి తెచ్చిందే. ఎందుకు?"

"ఊరికే అడిగా."

"పెళ్లయి ముప్పై ఆరేళ్లయింది నార్బ్. ఇన్నేళ్లలో నువ్వు ఊరికే అడిగింది ఒక్కటీ లేదు."

ఇక దాచలేక చెప్పేశాడు. ఆర్లిస్ కత్తి పక్కన పెట్టింది.

"అంటే ఇకనుంచి తిండి మానేసి తాగడమేనన్నమాట."

"అది కాదే. ఇది ఉందంటే అందరూ మనింటికే వస్తారు. లైల్ వస్తాడు, ఆర్డెన్ వస్తాడు. విల్మా దగ్గర కూర్చున్నట్టే కూర్చోవచ్చు."

ఆర్లిస్ మళ్లీ కత్తి అందుకుంది. రిటైరైనప్పటినుంచీ ఈ మనిషి టీవీలో వాతావరణం చెప్పేవాడితో మాట్లాడుతున్నాడు. వాడు రేపు వాన అంటే, "రానీ, నీ సొమ్మేం పోయింది" అని జవాబిస్తున్నాడు.

"సరే. మాంసానికి చోటు నేను చూస్తా. నువ్వు మాత్రం వేలు తెగ్గోసుకోకు" అంది.

ఫ్రీజర్‌ను మార్చడం ఎంత ఉదాత్తమైన విద్యో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దాని గోడల్లో చల్లదనం తిరిగే గొట్టాలు దాగి ఉంటాయి. ఎక్కడున్నాయో పైకి కనిపించవు. గోడకు డ్రిల్లు పెట్టామా, గొట్టం తెగి గ్యాసు బుస్సుమంటుంది, ఫ్రీజర్ అక్కడికక్కడే ప్రాణం వదులుతుంది. అందుకే గోడ జోలికి పోకుండా మూత ఊడదీసి, మూతకీ పెట్టెకీ మధ్య చెక్క చట్రం బిగించి, రంధ్రాలు ఆ చెక్కకు పెడతారు. లోపలి చలి బీరును రాయి చేసేయకుండా, వేడెక్కినప్పుడు మాత్రమే కరెంటు వదిలే చిన్న యంత్రం ఒకటి తగిలిస్తారు.

నార్బ్ చట్రం చేశాడు. మూత దించబోతే పీపాల నెత్తికి తగిలింది! కొలత తీసుకున్నది పీపాకే కానీ, పీపా పైన బిగించే పైపులకు కాదు. చట్రం విప్పి, ఇంకాస్త ఎత్తు పలకలు కోసి మళ్లీ చేశాడు. రెండోసారి మూత అతని బొటనవేలి మీద పడింది. ఆర్లిస్ మాట్లాడకుండా కట్టు కట్టింది. అన్నింటికన్నా పెద్ద మాట అదే అంటాడు నార్బ్.

నాలుగు పీపాలు దింపి, గ్యాసు తిప్పి, మొదటి కొళాయి వంచాడు. గ్లాసు నిండా నురగ! రెండోదీ నురగే. మూడోది నురగ కూడా కాదు, దగ్గు.

"ఇది బీరా, గడ్డం గీసుకునే సబ్బా?" అంది ఆర్లిస్.

తప్పు గొట్టంలో ఉంది. లోపలి గొట్టం పొట్టిదైతే బీరు కంగారుగా పరిగెత్తుకొచ్చి నురగైపోతుంది. పొడుగు గొట్టం వేస్తే దారిలో నెమ్మదించి, మర్యాదగా దిగుతుంది. మూడు రోజులు అటూ ఇటూ తిప్పలుపడి అదీ సాధించాడు నార్బ్. నాలుగు కొళాయిలు, నాలుగు రంగులు! గురువారం సాయంత్రం గ్యారేజీ తలుపు పైకెత్తి, మడత కుర్చీలు నాలుగు వేసి, లైల్‌కు ఫోన్ చేశాడు.

"రారా. అంతా సిద్ధం."

"నువ్వే రా. ఇవాళే కొత్త పీపా తెరిచా" అన్నాడు లైల్.

"మొన్న నేనే వచ్చా కదా?"

"చూడటానికొచ్చావు. కూర్చోలేదు. అది లెక్కలోకి రాదు."

ఆర్డెన్‌కు చేస్తే, "మీ ఇద్దరూ నా దగ్గరికి రండి. గోధుమ బీరు ఎలా ఉండాలో చూపిస్తా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కదిలితే ఎదుటివాడి బీరు గొప్పదని ఒప్పుకున్నట్టే కదా!

ఆ వారం, ఆ పై వారం, ఆ పై వారం కూడా మా వీధి శోభ చూసి తీరాలి! మూడు గ్యారేజీలు, మూడు ఎత్తిన తలుపులు, మడత కుర్చీలో ఒక్కొక్క మగవాడు, ఒక్కొక్కడి చుట్టూ వాడి వాటాకు వచ్చిన దోమలు. అప్పుడప్పుడు రోడ్డు మీదుగా ఒకడు గ్లాసు ఎత్తితే అవతలివాడూ ఎత్తేవాడు. ఎవరి నడుంనొప్పి సంగతీ ఎవరూ వినక్కర్లేదు. ఇంతకన్నా సుఖం స్వర్గంలో ఉంటుందా?

ఒక గురువారం నార్బ్ నాలుగు కొళాయిలనుంచీ నాలుగు గ్లాసులు పట్టి, వరసగా రుచి చూసి, "రెండోది కాస్త చేదెక్కింది" అన్నాడట, పైకి. ఎవరూ ఏమీ అనలేదు. పోస్టాఫీసు దగ్గర ఈ మాట నాతో చెప్పి నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మరి జింక మాంసం ఏమైందంటారా? దుకాణం మూసినప్పుడు విల్మా అక్కడి పెద్ద ఫ్రీజర్‌ను ఇంటి నేలమాళిగలోకి దింపించింది. ఆర్లిస్ మాంసం అక్కడ పెట్టబోతే, లైల్ ఇంటి మాంసం, ఆర్డెన్ ఇంటి మాంసం అప్పటికే లోపల ఉన్నాయి. మా వీధి వీధంతా విల్మా నేలమాళిగలో గడ్డకట్టుకుని ఉందన్నమాట!

రోజూ అయిదింటికి ఆర్లిస్ విల్మా ఇంటికి వెళ్లి ఒక పొట్లం తెచ్చుకునేది. మొదట్లో పది నిమిషాల్లో వచ్చేసేది. తర్వాత గంట పట్టసాగింది. ఒకరోజు ఆరున్నరకు వచ్చింది. చేతిలో పొట్లం నుంచి నీళ్లు కారుతున్నాయి.

"కరిగిపోయిందే ఇది!" అన్నాడు నార్బ్.

"మాటల్లో పడ్డాం" అంది ఆర్లిస్. ఆమె ముఖం చాలా రోజుల తర్వాత అంత తేటగా ఉంది. ఆ సంగతి నార్బ్ గమనించాడు కానీ, పొట్లం అందుకుని గిన్నెలో పెట్టాడు.

ఆ తర్వాతి గురువారం ఏడయినా ఆమె రాలేదు. నార్బ్ ఉప్పు బిస్కట్లు, ఊరేసిన దోసకాయ తిని, ఇక ఆగలేక ఫోన్ చేశాడు. అవతల గిన్నెల చప్పుడు, నవ్వులు.

"ఇక్కడే వండేశాం. కావాలంటే రా" అని ఆర్లిస్ పెట్టేసింది.

నార్బ్ గ్యారేజీలోకి నడిచాడు. తర్వాత తన బీర్లలో మేలైనది ఒక జగ్గులో పట్టుకుని రోడ్డెక్కాడు. అదే వేళకు ఎదురింట్లోంచి లైల్ బయటికి వచ్చాడు. వాడి చేతిలోనూ జగ్గు ఉంది. దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు నార్బ్.

"మాంసం తెచ్చుకుందామని."

"నేనూ అంతే."

మలుపు దగ్గర ఆర్డెన్ కలిశాడు. అతని జగ్గుకు తువ్వాలు కూడా లేదు, పౌరుషం పూర్తిగా వదిలేసినట్టున్నాడు. "సాయంత్రంనుంచీ మా ఆవిడ జాడ లేదు" అన్నాడు.

విల్మా వంటింట్లో పొయ్యి దగ్గర ఆర్లిస్, ఆర్డెన్ భార్య నిలబడి ఉన్నారు. విల్మా కాలు స్టూలు మీద పెట్టుకుని, చేతిలో పేక కలుపుతోంది.

"మాంసం కోసం వచ్చి చెంబులు తెచ్చారేంరా?" అంది.

మూడు జగ్గులూ ఆమె ముందు పెట్టారు. ఆమె మూడు చిన్న గ్లాసుల్లో పోసుకుని, ఒక్కొక్కటీ నోట్లో తిప్పి మింగింది. ముగ్గురూ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా నిలబడ్డారు.

"ముప్పై ఒక్క ఏళ్లు బీరు అమ్మాను. ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పు విల్మా."

"మూడూ ఒకటే. ఒక్కటీ బాగాలేదు."

"నాది కాస్త..." అని నసిగాడు లైల్.

"నీది మరీనూ!"

ముందు ఆర్డెన్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆర్డెన్ భార్య అయితే గరిటె వదిలేసి గోడ పట్టుకుంది. విల్మా ఫ్రిజ్ చూపించి, "డబ్బాలున్నాయి, తీసుకోండి" అంది. సంతలో అన్నింటికన్నా చవకగా దొరికే కంపెనీ బీరు! అది తాగుతూ, జింక మాంసం తింటూ, పేకాడుతూ కూర్చున్నారు ఆ మేధావులు.

రెండో ఆటలో లైల్ ముక్కలు కింద పడేశాడు. ఏరి ఇస్తుంటే నార్బ్ అతని చేతులు చూశాడు.

"ఏంట్రా అది?"

"వణుకు. జనవరినుంచీ ఉంది. పైపు బిగించలేకపోతున్నా."

"జనవరినుంచా? నాకు చెప్పలేదేం?"

లైల్ ముక్కలు సర్దుకున్నాడు. "ఎక్కడ కూర్చుని చెప్పను?" అన్నాడు.

నార్బ్ తన వంతు ముక్క వేశాడు, అదీ తప్పు ముక్క. ఆట ముగిశాక, "రేపు పొద్దున నీతో పనికొస్తా. రెంచి నేను పడతా. నువ్వు పక్కన నిలబడి తిట్టు" అన్నాడు.

"తిట్టడానికి చేతులెందుకు" అన్నాడు లైల్.

మర్నాడు నార్బ్ ఫ్రీజర్‌ను తిరిగి ఫ్రీజర్‌గా మార్చేస్తానంటే ఆర్లిస్ ఒప్పుకోలేదు. "చస్తే వద్దు! మాంసం ఇంటికొచ్చేస్తే మనం మళ్లీ ఇంట్లో కూర్చోవాలి" అంది.

కాబట్టి పాఠకులారా, నా వాదన నెగ్గింది. పాడుచేయండి మీ ఫ్రీజర్లను! ఈ రోజే!

ఒక్క చిన్న విషయం మాత్రం మిగిలింది. ఆర్లిస్ ఆ మాంసం పెట్టె మోసుకుంటూ మొదట వచ్చింది విల్మా ఇంటికి కాదు, మా ఇంటికి. "మీ ఫ్రీజర్‌లో కాస్త చోటుంటుందా?" అని అడిగింది. లేదన్నాను. ఉంది. సగానికి పైగా ఖాళీ. రోజూ అయిదింటికి ఎవరో ఒకరు తలుపు కొడతారు, కూర్చోమనాలి, వాళ్ల కథ వినాల్సి వస్తుందనుకున్నాను.

ఎవరూ కొట్టలేదు. గురువారాలు విల్మా వంటింటి కిటికీ మా పెరట్లోంచి బాగా కనిపిస్తుంది. నవ్వులు వినిపిస్తాయి, మాటలు మాత్రం అందవు. ఈ వీధిలో ఎవరి బాధా వినక్కర్లేకుండా, పురోగతి పూర్తిగా సాధించి బతుకుతున్న పౌరుణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే.

వచ్చే నెల మొక్కజొన్న కోతకొస్తుంది. ఎవరికైనా దాచుకునే చోటు చాలకపోతే, మా ఇంటి పక్కవైపు తలుపుకు తాళం వేయడం మానేశాను. తట్టనక్కర్లేదు, నేరుగా లోపలికి వచ్చేయండి.