ఒక్కసారే అడగాలి

మీకు నవ్వులాటగానే ఉంటుంది. నాకు మాత్రం మా ఇంట్లో భోజనాల బల్ల చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. సరే, అడిగారు కాబట్టి చెబుతాను.

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కునని మీకు తెలుసు. ట్రైనింగని కంపెనీవాళ్ళు నన్ను కొన్ని నెలలు పరాయి దేశం పంపారు. వెళ్ళడం మామూలు మనిషిగానే వెళ్ళాను. తిరిగొచ్చాక ఏ మాటెత్తినా ముందు "అక్కడైతే" అని వచ్చేది. అక్కడైతే ఫోను చేయకుండా ఎవరింటికీ వెళ్ళరు. అక్కడైతే జీతమెంతని అడగరు. అక్కడైతే పక్కవాడి పేపర్లోకి తల దూర్చరు. కొన్నాళ్ళకి పనిలో అందరూ నా అసలు పేరు మానేసి "అక్కడైతే గారు" అనడం మొదలుపెట్టారు. నేను దాన్ని బిరుదనుకున్నాను.

మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందుగదిలో మిషను. మిషను చప్పుడు పెరిగిందంటే నా మాటలు వినడం మానేసిందని లెక్క. నేను తిరిగొచ్చాక ఆ మిషను ఆగిందే లేదు.

ఆ రోజుల్లోనే మా కంపెనీకి ఆ దేశం నుంచే కొత్త పెద్దసారు వచ్చారు, భార్యతో సహా. వెనకాలే ఇంకొందరు ఇంజనీర్లు కుటుంబాలతో వస్తారట. వాళ్ళకి ఇక్కడి పద్ధతులూ నాలుగు మాటలూ నేర్పడానికి ఒక ఉద్యోగం పెడుతున్నారట. చల్లటి గది, మెత్తటి కుర్చీ. నేనేమో ఏళ్ళ తరబడి లిఫ్టు గుంటల్లో గ్రీజు పూసుకుంటూ మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. పైగా నేనుండేది మూడో అంతస్తు, ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. ఆ కుర్చీ నాకోసమే చేయించారనిపించింది.

అందుకని పెద్దసారునీ ఆయన భార్య పెద్దమేడంనీ భోజనానికి పిలిచాను. వాళ్ళ దేశపు మర్యాద మా ఇంట్లో ఎంత బాగా జరుగుతుందో చూపిస్తే, ఉద్యోగం దానంతటదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుందని నా పథకం.

ముందురోజే మా ఆవిడకి పాఠం మొదలుపెట్టాను.

"చూడు, ఏదైనా ఒక్కసారే అడగాలి. వద్దంటే వద్దనే. వెంటనే గిన్నె తీసేయాలి."

"ఇంకాస్త వేసుకోండి అనకూడదా?"

"అది బలవంతం. అక్కడైతే తప్పు."

"మొదట్లో ఎవరైనా వద్దనే అంటారు కదండీ, మొహమాటానికి."

"వాళ్ళకి మొహమాటం ఉండదు. ఆకలేస్తే వేస్తోందంటారు, లేకపోతే లేదంటారు."

"నేను చెప్పేది కాస్త వినండి. పెద్దమేడం గౌను పొట్టి చేయించుకోడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు..."

"గౌను సంగతి తర్వాత. గుమ్మంలో చెప్పులు విప్పమనకూడదు. మనమే ఇంట్లో బూట్లు వేసుకుని ఉందాం, వాళ్ళకి ఇబ్బంది లేకుండా."

మా ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి మిషను ముందు కూర్చుంది. చప్పుడు పెరిగింది.

మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇంట్లో బూట్లేమిట్రా, నాకేమన్నా పరుగుపందెమా?" అంది. అయినా వేయించాను.

అక్కడివాళ్ళు చెప్పిన టైముకి నిమిషం అటూ ఇటూ అవరు. అందుకని ఏడు కొట్టకముందే అన్నీ బల్లమీద పెట్టించాను. ఏడైంది, ఏడున్నరైంది. సూపు చల్లారింది. ఎనిమిది దాటాక తలుపు చప్పుడైంది.

"టైముకి వస్తే ఇంటివాళ్ళు కంగారుపడతారని కొంచెం నిదానంగా వచ్చాం" అన్నారు పెద్దసారు. ఆయన తెలుగు బాగానే ఉంది, పుస్తకానికి అట్టవేసినట్టు ఎక్కడా నలగకుండా.

అంటూనే బూట్లు విప్పి గోడవారగా పెట్టారు. తర్వాత తలెత్తి మా కాళ్ళవైపు చూశారు. మేం ముగ్గురం బూట్లలో, ఆయన మేజోళ్ళలో. ఒక మేజోడులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది.

"బూట్లు వేసుకోండి సార్" అన్నాను.

"పర్వాలేదు" అన్నారు. నేను రెండోసారి అడగలేదు.

బల్ల దగ్గర కూర్చున్నాక నేనే వడ్డనకి దిగాను. "సూపు పోయమంటారా సార్?"

"వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాం" అన్నారు నవ్వుతూ, గిన్నె కాస్త ముందుకు జరుపుతూ. నేను సూపు తీసేశాను.

"చేప ముక్కలు?"

"అబ్బే, మీకెందుకు శ్రమ." చేప ముక్కలు తీసేశాను. ఆయన కళ్ళు వంటింటి గుమ్మం దాకా వాటిని సాగనంపాయి.

"ఒరే, పెట్టరా" అంది మా అమ్మ.

"నువ్వుండమ్మా. అక్కడి మర్యాద నీకు తెలీదు" అని, నేను మాత్రం కడుపునిండా తిన్నాను. ఒకరికోసం ఒకరు ఆగడం అక్కడ లేదు మరి.

మా ఆవిడ ఇక ఉండబట్టలేక చేపల పళ్ళెం మళ్ళీ తెచ్చింది. "రెండు ముక్కలు వేసుకోండి."

"వద్దండీ."

"నా మాట విని వేసుకో..." ఆవిడ మాట పూర్తికాకముందే పెద్దసారు ప్లేటు చాచారు. నేను మధ్యలోకి దూరి పళ్ళెం లాక్కున్నాను.

"సారు వద్దన్నారు కదా, బలవంతపెడతావేం?"

అప్పుడు పెద్దసారు కడుపులోంచి గుడగుడమని పెద్ద శబ్దం వచ్చింది.

"లిఫ్టు పాడైనట్టుంది, చూడరా" అంది మా అమ్మ.

"మనకి లిఫ్టు లేదమ్మా" అన్నాను.

మా ఆవిడ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. "సారుకి ఆకలి ఉందండీ. పెద్దమేడం ఇన్నాళ్ళుగా నా దగ్గర కూర్చుని మన పద్ధతులన్నీ నేర్చుకుంటోంది. రెండుసార్లు వద్దని మూడోసారి సరేనంటే పద్ధతిగా ఉంటుందని నేనే చెప్పాను. అదే మీకు నిన్న చెప్పబోతే గౌను సంగతి తర్వాతన్నారు."

పెద్దమేడం తల ఊపింది. "ఇంట్లో సాధన కూడా చేశాం. నేను అడిగేదాన్ని, ఆయన వద్దనేవారు."

"మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు" అన్నారు పెద్దసారు చిన్న గొంతుతో.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. కింద ఇంకా రెండు అంతస్తులున్నాయి. మా ఆవిడ అన్నీ వేడిచేసి తెచ్చింది. మా అమ్మ బూట్లు మూలకి విసిరేసి, అడగడమే లేకుండా వడ్డించింది. వాళ్ళు ఆవురావురుమని తిన్నారు.

తిన్నాక పెద్దసారు నావైపు తిరిగారు. "ఆ కొత్త ఉద్యోగం ఉంది కదా, మీరు చేస్తారా?"

నా గుండె లిఫ్టు కంటే వేగంగా పైకి లేచింది. ఇంత జరిగినా కుర్చీ నాకే. కాని నోట్లో మాట అక్కడిదైనా అలవాటు ఇక్కడిది కదా. "అబ్బే, నాకెందుకండీ, నేనెంతటివాణ్ణి" అని తలొంచుకుని మెలికలు తిరిగాను. రెండోసారి అడగడం కోసం ఎదురుచూస్తున్నాను.

"అర్థమైంది" అన్నారు పెద్దసారు.

"అది కాదు సార్, నేనన్నది..."

"వద్దంటే వద్దనే. ఈ ఇంట్లో ఒక్కసారే అడగాలని మీరే చూపించారు. బలవంతపెట్టను" అని మా ఆవిడవైపు తిరిగారు. "మరి మీరు చేస్తారా?"

మా ఆవిడ చేయి తుడుచుకుంది. "చేస్తానండీ. జీతమెంత?"

అక్కడైతే అలా అడగరు. ఆ సంగతి చెప్పబోయి నోరు మూసుకున్నాను. పెద్దసారు హాయిగా చెప్పేశారు. అది నా జీతం కంటే ఎక్కువ.

ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్న కాఫీ కలుపుతూ, "మీకు కావాలా?" అంది.

"వద్దులే, నీకు ఆలస్యమవుతుంది" అన్నాను మొహమాటానికి. ఆవిడ మొత్తం తన కప్పులోనే పోసుకుని తాగేసింది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మళ్ళీ అడుగుతుందని ఆశపడ్డాను.

"మీకెలాగూ ఇవాళ సెలవు కదా. పెద్దమేడం గౌను మిషను మీదుంది, వస్తే ఇచ్చేయండి" అంది. "కూర్చోమని మాత్రం మూడుసార్లు అనండి."