మధ్య దాకా బ్రిడ్జి

ఆ శనివారం పొద్దున పెంచలకృష్ణ గారు రెండు పనులు అనుకొని ఇంట్లోంచి బయలుదేరారు. ఒకటి, పడవెక్కి ఉప్పుటేరు దాటి, అవతలి పాళెంలో డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడటం. రెండు, యూనివర్సిటీ నుంచి వచ్చే అధికారి కాలేజీకి చేరేలోపు తిరిగి రావడం. రెండూ పెద్ద పనులేమీ కావు. అయినా మొదటిదాన్ని ఆయన చాలా వారాలుగా వాయిదా వేస్తూ వచ్చారు.

వాకాడు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న యూనివర్సిటీ కాలేజీలో ఆయన ఇంగ్లీషు లెక్చరర్. ఊరి బళ్ళలో చదివి వచ్చి, డిగ్రీలో ఇంగ్లీషు పాఠం చదవమనగానే నీళ్ళు నమిలే పిల్లల కోసం ఒక కోర్సు తయారుచేశారు. కూడబలుక్కొని చదివే దశ నుంచి, ఎదుటి మనిషితో తడబడకుండా నాలుగు మాటలు మాట్లాడే దశ దాకా. దానికి మొదట 'బిగినర్స్ ఇంగ్లీష్' అని పేరు పెట్టి నోటీసు అంటించారు. ఒక్కరూ చేరలేదు. మర్నాటికి దాని కింద ఎవరో 'ఏమీ రానోళ్ళ క్లాసు' అని రాసి పెట్టారు.

పెంచలకృష్ణ గారికి కోపం రాలేదు. రానిదాన్ని రాదని ఒప్పుకుంటూ నలుగురి మధ్య కూర్చోవడం పెద్దవాళ్ళకే కష్టం. తప్పు తాను పెట్టిన పేరుదే అనుకున్నారు. మాటల విషయంలో ఆయన మొదటినుంచీ జాగ్రత్త మనిషి. ఎవరినీ చిన్నబుచ్చని మాట ఏదని బాగా ఆలోచించి, పాత పేరు తీసేసి కొత్తది పెట్టారు: బ్రిడ్జి కోర్సు. ఆ పేరుతో నోటీసు ఇంకా అంటించలేదు.

నిజానికి ఈ కోర్సు ఆలోచన ఆయనది కాదు, భార్య విజయకుమారిది. ఆమె అవతలి పాళెం బడిలో టీచరుగా పనిచేశారు. "బడి అయ్యేదాకా నేను చూసుకుంటాను. మీ కాలేజీకి వచ్చాక మీరు వదిలెయ్యొద్దు" అనేవారు. కిందటి వానాకాలంలో ఆమె పోయారు. ఆ తరవాత ఆయన ఏరు దాటలేదు. ఈరోజు గనక పాళెం పిల్లలు చేరకపోతే, చదివేవాళ్ళు లేని కోర్సు ఎందుకని అధికారి దాన్ని రద్దు చేస్తారు. ఆమె తనను అడిగిన ఒకే ఒక్క పని అక్కడితో ఆగిపోతుంది.

పడవ ఏటి మధ్యకు వచ్చేసరికి ప్రిన్సిపాల్ ఉషారాణి గారి ఫోను వచ్చింది. గాలికి ఒక మాట వినిపిస్తే రెండు మాటలు కొట్టుకుపోతున్నాయి. ఎన్నడూ గొంతు పెంచని పెంచలకృష్ణ గారు ఆరోజు తప్పక అరిచారు.

"వినపడుతోందా మేడం? బ్రిడ్జి ప్లాను పూర్తయింది!"

వెనక గెడ వేస్తున్న పోలేరయ్య చెయ్యి ఆగిపోయింది.

"నాలుగు పిల్లర్ల మీద నిలబెట్టాను మేడం. మూడింటికి భయం లేదు. నాలుగోదే మన దగ్గర మరీ బలహీనం!"

ఆయన చెప్పే నాలుగు పిల్లర్లు వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం. ఆ సంగతి మేడానికి తెలుసు. పోలేరయ్యకు తెలియదు.

"లేదు మేడం, చివరి దాకా కాదు. మొదలు నుంచి మధ్య దాకానే! మధ్య దాకా తెచ్చి వదిలితే మిగతాది వాళ్ళే ఈదుకుంటారు!"

ఫోను జేబులో పెట్టుకున్నాక పోలేరయ్య మెల్లగా అడిగాడు. "బ్రిడ్జి వస్తాండాదా సారూ?"

"అవును పోలేరయ్యా. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నదే. ఈరోజు పెద్దసారు వచ్చి ఊఁ అంటే సోమవారమే మొదలు."

"మద్దె దాకానేనా?"

"ప్రస్తుతానికి అంతే. అంతకుమించి ఇప్పుడు మన వల్ల కాదు."

పోలేరయ్య ఏటి మధ్యను కాసేపు తేరిపార చూశాడు. "మరి నా పడవ సంగతేంది?"

పెంచలకృష్ణ గారు పడవను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశారు. "దానికేం? నిక్షేపంగా ఉంది కదా" అన్నారు మెచ్చుకోలుగా.

పోలేరయ్య గెడను బలంగా నీళ్ళలోకి దించాడు. తాతల నాటినుంచి ఆ రేవులో పడవ నడిపే కుటుంబం అతనిది. ఇంత నెమ్మదైన మనిషి ఇంత మాట అంటాడని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఒడ్డున దిగి పెంచలకృష్ణ గారు సరుగుడు తోపు దాకా నడిచారు. తోపు దాటితే బడి. బడి దాటితే ఇళ్ళు. లోపల పిల్లలు ఏదో పాఠం గట్టిగా అప్పజెబుతున్నారు. ఆయన తోపులో నిలబడి, తల్లిదండ్రులకు చెప్పాలనుకున్న మాటలు మనసులో ఒకసారి సరిచూసుకున్నారు. మరోసారి సరిచూసుకున్నారు. ఆ తరవాత వెనక్కి తిరిగి రేవుకు వచ్చేశారు. పడవ ఉంది, పోలేరయ్య లేడు. కాసేపటికి రొప్పుతూ వచ్చి, ఎటు పోయిందీ చెప్పకుండా, ముఖం పక్కకు తిప్పుకొని ఆయన్ను ఇవతల దించాడు.

అతను పోయింది చేపలు ఎండబెట్టే దిబ్బ దగ్గరికి. అక్కడ అంకాలమ్మ ఉంటుంది. పాళెంలో ఏ మాటైనా అంకాలమ్మ చెవిన పడితేనే మాట కింద లెక్క.

"అంకాలక్కా, ఏటి మీద బ్రిడ్జి ఏస్తాండారు. నా బతుకు పాయ."

"బ్రిడ్జా! అయితే గంప నెత్తిన పెట్టుకోని నడిచే పోవచ్చునే!"

"మద్దె దాకా పోవచ్చు. ఆ తర్వాత ఈదాలంట."

"గంపతోనా?"

"గంప సంగతి సారు చెప్పలా."

"ఏ సారు?"

"మన టీచరమ్మ ఇంటాయన. ఇంగ్లీషు సారు. ప్లాను ఆయనే ఏసినాడంట."

"ఇంగ్లీషు సారుకీ బ్రిడ్జికీ ఏందిరా సంబంధం?"

"ఇంజనీర్లు రాసేది ఇంగ్లీషులోనే గదక్కా! ఆయన గాక ఇంకెవురు ఏస్తారు?"

ఆ మాటతో అంకాలమ్మకు నమ్మకం కుదిరింది. నాలుగు పిల్లర్లలో ఒకటి బలహీనమన్న సంగతి వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గరికి పోయేసరికి, ఆ పిల్లరు అప్పుడే కొంచెం ఒరిగింది. రేవుకు చేరేసరికి పడిపోయింది. ఇంకా కట్టని బ్రిడ్జి కూలిందని కొందరు కోపంగానూ, ఎన్నాళ్ళకో బ్రిడ్జి వస్తోందని కొందరు సంబరంగానూ కాలేజీకి బయలుదేరారు. డప్పు కూడా తీసుకున్నారు. సంబరమైనా గొడవైనా డప్పు పనికొస్తుంది. మాల కొందామా వద్దా అన్న దగ్గర మాటామాటా వస్తే అంకాలమ్మే తీర్పు చెప్పింది.

"మాల కొందాం. అవతలి దాకా ఏస్తామంటే మెళ్ళో ఏద్దాం. మద్దె దాకానే అంటే ఎనక్కి తెచ్చుకుందాం."

అందరినీ ఏరు దాటించింది పోలేరయ్యే. తన పడవ నోరు కొట్టే బ్రిడ్జి కోసం తన పడవే తిరగాల్సి వచ్చిందని ప్రతి విడతలోనూ ఎక్కినవాళ్ళకు చెప్పాడు.

డప్పు చప్పుడు విని ఉషారాణి గారు కిటికీ దగ్గరికి పరుగెత్తారు. గేటు నిండా జనం. "పెంచలకృష్ణ గారూ, పొద్దున పాళెంలో వీళ్ళతో ఏం మాట్లాడి వచ్చారు?"

"నేను ఎవరితోనూ మాట్లాడనేలేదు మేడం" అన్నారాయన. అది నిజం. అందుకే ఆయనకు చెప్పడం కష్టమైంది.

సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ కారు జనం మధ్యలో ఆగింది. అందులోంచి మధుబాబు గారు దిగారు. కొత్త కోర్సులు చూసి, అక్కర్లేనివి కొట్టేయడం ఆయన ఉద్యోగం. "ఎవరు మీరంతా?" అని అడిగారు.

"బ్రిడ్జి కోసం వచ్చినామయ్యా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మధుబాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చూసిన ఏ కాలేజీలోనూ కోర్సు కోసం విద్యార్థులే రాలేదు, తల్లిదండ్రులు డప్పుతో రావడం ఇదే మొదలు. వాళ్ళను వరండాలోకి పిలిపించి, ఉషారాణి గారినీ పెంచలకృష్ణ గారినీ బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"చెప్పండమ్మా. మీ ఇబ్బంది ఏంటి?"

అంకాలమ్మ ముందుకు వచ్చింది. "నాలుగో స్తంభం బలం లేదంట గదయ్యా?"

మధుబాబు గారు ఆశ్చర్యపోయారు. "అవునమ్మా. రాష్ట్రమంతా అదే బాధ. మిగతా మూడూ ఎలాగో నెట్టుకొస్తారు. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోతుంది."

"స్తంభం పడిపోతే నోరు పడిపోదా మరి!" అంది అంకాలమ్మ.

"మద్దె దాకానే ఏస్తారంటనే!" వెనకనుంచి ఎవరో అరిచారు. "ఏటి నడుమ వదిలేస్తే మా పిల్లోళ్ళు మునిగిపోరా?"

మధుబాబు గారు పెంచలకృష్ణ గారి వైపు తిరిగారు. "చాలా లోతైన మాట అన్నారండీ. ఇంటర్మీడియెట్ స్థాయి దగ్గర ఆపేస్తే పిల్లలు ఎటూ కాకుండా పోతారు. చివరిదాకా పొడిగిద్దాం. ఏమంటారు?"

పెంచలకృష్ణ గారు అలాగేనని తల ఊపారు. పాళెం వాళ్ళకు తన కోర్సు గురించి ఇంత వివరంగా ఎవరు చెప్పారా అని ఆలోచిస్తున్నారు. మధుబాబు గారు కలం తీశారు. వరండా అంతా ఈలలు.

"ఒక్క మాటయ్యా" అంది అంకాలమ్మ. "ఇసక మాత్రం ఈ ఏటిది వాడొద్దు. ఉప్పిసక. ఇనుముకు తుప్పు పట్టుద్ది."

మధుబాబు గారి కలం ఆగింది. "ఇసకేంటి?"

పెంచలకృష్ణ గారికి పడవ గుర్తొచ్చింది. ఫోను గుర్తొచ్చింది. 'నిక్షేపంగా ఉంది కదా' అన్నది గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఉషారాణి గారికీ అర్థమైంది. ఆవిడ బల్ల కింద ఆయన కాలు తొక్కారు. సంతకం అయ్యేదాకా ఊరుకుంటే కోర్సు నిలబడుతుంది. పాళెం వాళ్ళు మాత్రం రేపటినుంచి ఏటి ఒడ్డున నిలబడి ఇసక లారీల కోసం చూస్తుంటారు.

ఆయన లేచి నిలబడ్డారు.

"అంకాలమ్మా, ఏటి మీద బ్రిడ్జి రావడం లేదు. ఇది పిల్లలకు ఇంగ్లీషు నేర్పే క్లాసు. దాని పేరే బ్రిడ్జి. నా మాట వల్ల మీరంతా పని మానుకొని వచ్చారు. నన్ను మన్నించండి."

 డప్పు పట్టుకున్నతను అలవాటుకొద్దీ ఒక్క దెబ్బ వేసి, అందరూ చూసేసరికి ఆపేశాడు. మధుబాబు గారు కలానికి మూత పెట్టారు.

అంకాలమ్మ చేతిలోని మాల వైపు చూసుకుంది. తరవాత తన మనవరాలు భానుప్రియ కోసం వెతికింది. ఆ కాలేజీలోనే రెండో సంవత్సరం చదివే భాను, డప్పుతో వచ్చిన తన జేజిని ఎవరూ గుర్తుపట్టకుండా ఉంటే చాలని స్తంభం చాటున దాక్కొని ఉంది.

"భానూ, టీచరమ్మ చెప్పిన క్లాసు ఇదేనంటనే?"

"ఏం చెప్పారు?" అన్నారు పెంచలకృష్ణ గారు.

"టీచరమ్మ జబ్బుతో పండుకోనుండంగా మేము చూడబోతిమి గదయ్యోరా. అప్పుడు చెప్పింది. 'మా సారు ఒక క్లాసు పెడతాడు భానూ. ఆయనకి అడగడం చేతగాదు, మీరే పోయి చేరండి' అనింది." అంకాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎప్పుడు పెడతావా అని మేం చూస్తానే ఉండాం. పొద్దున తోపు దాకా వచ్చి తిరిగిపోయినావంట. ఆడోళ్ళు చూసినారు. పిలిస్తే బాధపడతావని పిలవలా."

పెంచలకృష్ణ గారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. అది సరిగ్గానే ఉంది.

"నోటీసులో బిగినర్స్ అని ఉంటే అది వేరేదనుకున్నా సార్" అంది భాను స్తంభం చాటునుంచి. "టీచర్ అట్టా అనలేదు. ఇంకొంచెం నేర్చుకునే క్లాసు అనింది. నేను చేరతా."

ఆ తరవాత పాళెం పిల్లలు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చారు. రానివాళ్ళను వాళ్ళ అమ్మలు రెక్క పట్టుకొని తెచ్చారు. ఆయన ఇన్ని రోజులు నోటీసుబోర్డులో వెతికిన మాట విజయకుమారి ఒక పిల్లకు చెప్పి పెట్టి వెళ్ళారు.

అప్పటిదాకా మూలన నిలబడిన పోలేరయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "సారూ, బ్రిడ్జి లేదా?"

"లేదు పోలేరయ్యా."

"మద్దె దాకా కూడా లేదా?"

"అసలు లేదు."

పోలేరయ్య అంకాలమ్మ చేతిలోని మాల లాక్కొని పెంచలకృష్ణ గారి మెడలో వేశాడు. ఈసారి డప్పు ఎవరూ ఆపలేదు.

మధుబాబు గారు కలం మూత మళ్ళీ తీశారు. సంతకం పెడుతూ, క్లాసు సాయంత్రం కదా, ఆడపిల్లలు పొద్దుపోయాక ఏరు దాటడం ఎలా అని అడిగారు.

"వాళ్ళెందుకు దాటాల?" అంది అంకాలమ్మ. "మా బడి సాయంత్రం ఖాళీనే. టీచరమ్మ కుర్చీ అట్టనే ఉండాది. సారునే రమ్మనండి."

అందరూ పెంచలకృష్ణ గారి వైపు చూశారు. ఆయన మెడలోని మాలను ఒకసారి తడిమి చూసుకొని, "వస్తాను" అన్నారు.

సోమవారం ఆయన సరుగుడు తోపు దాటారు. మొదటి పాఠంగా పలకరింపులు చెప్పాలని ప్లానులో రాసుకున్నారు కానీ, బల్ల ముందు నిలబడ్డాక దాన్ని మార్చి, థాంక్యూ అన్న మాటతో మొదలుపెట్టారు. ఆ మాట ముందుగా అవసరమైంది ఆయనకే. పాళెంలో ఇప్పుడు చిన్నా పెద్దా అందరూ ఆ మాట వాడుతున్నారు. చేపల బేరం కుదరక తిరిగిపోయేవాళ్ళకు కూడా అంకాలమ్మ అదే చెప్పి పంపిస్తోంది.

బ్రిడ్జి కోర్సు బాగా నడుస్తోంది. సారు దానికి రోజూ పోలేరయ్య పడవలోనే వెళ్తున్నారు.