మధ్యాహ్నం నుంచి నీళ్లు రావు

శనివారం ఉదయం ఉప్మా చల్లారేలోపు ఒత్తుల సంగతి తేల్చేయాలని రాజ్యశ్రీ నిశ్చయించుకుంది. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసే ఆమెకు ఆ రోజు సెలవు. హిందీ వాళ్లు ఎక్కువగా ఉండే గనుల ఊరు కిరండూల్‌లో తాముండే కాలనీకి ఆ మధ్య సరదాగా ఒక చిన్న వెబ్‌సైట్ చేసిపెట్టింది. నీళ్ల వేళలో, కరెంటు కోతో అందులో రాస్తే, ఆ కబురు కాలనీలో ప్రతి ఫోనుకూ వెళుతుంది. హిందీలో రాస్తే బాగానే ఉండేది. తెలుగులో రాస్తే మాత్రం ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి లేచొచ్చి పక్కన కూర్చునేవి.

"నీళ్లు అనుండాల్సిన చోట ఏటో జెర్రి పాకినట్టుందమ్మా," అని తండ్రి సత్యమూర్తి రోజూ కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూసేవాడు. ఆయన కాలనీ పంప్‌హౌస్ సూపర్‌వైజరు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. తన హయాంలో ఒక్క పూట కూడా కొళాయి ఎండలేదన్నది ఆయన గర్వం. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు.

ఫాంటు మార్చడం ఒక్క లైను పని. కానీ ఆ ఫాంటు ఒక ప్యాకేజీ కావాలంది. ఆ ప్యాకేజీ వేస్తే అది ఇంకోటి కావాలంది. అదీ వేస్తే మొదటిది పాతబడిపోయిందని తెర నిండా ఎర్రటి అక్షరాలు కురిశాయి. రాజ్యశ్రీ పళ్లు నూరుకుని అన్నీ పీకేసి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసింది. ఎట్టకేలకు తెర మీద తెలుగు కుదురుగా నిలబడింది. ఇక పరీక్షించడానికి ఒత్తులు దండిగా ఉన్న వాక్యం కావాలి. కాసేపు ఆలోచించి ఇలా కొట్టింది: "ట్యాంకు మరమ్మత్తుల వల్ల నేటి మధ్యాహ్నం నుంచి నీళ్లు రావు."

అది తన ఒక్క ఫోనుకే రావాల్సిన కబురు. అన్నీ పీకి పెట్టినప్పుడు సెట్టింగులు కూడా మొదటికొచ్చి, 'పరీక్ష' అన్న చోట 'అందరికీ' అని పడిందని ఆమె చూసుకోలేదు. ఫోను టింగుమంది. ఒక్క ఒత్తూ జారలేదు. తృప్తిగా ఉప్మా ప్లేటు అందుకుంది.

వంటింట్లోనూ ఒక ఫోను టింగుమంది.

"ఏటే రాజీ! నీళ్లు రావంట!" తల్లి వరహాలమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "మీ నాన్న ఇందాకే ఇక్కడ కూకుని టీ తాగెళ్లారు. నాతో ఒక్క ముక్కంటే ఒక్క ముక్క అన్లేదు!"

రాజ్యశ్రీ గొంతులో ఉప్మా అడ్డం పడింది. "అమ్మా, అది నేనే పంపాను. ఊరికే, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూద్దామని."

"నువ్వు పంపడమేటి? సైటులో వచ్చింది! ముందు ఆ డ్రమ్ము ఇటు లాగు." అప్పటికే ఆవిడ ఒక చేత్తో కొళాయి తిప్పి, రెండో చేత్తో భర్తకు ఫోను చేసింది. "ఏటండీ, ఊరందరికీ చెప్పి ఇంట్లో చెప్పరా?"

పంప్‌హౌస్‌లో సత్యమూర్తి బిత్తరపోయాడు. తన ట్యాంకుకు మరమ్మత్తులని తనకే తెలియదంటే పరువేం మిగులుతుంది? "చెబుదామనే అనుకున్నానే," అని ఫోను పెట్టేసి, పై ఇంజినీరుకు ఫోను కలిపాడు. "సార్, మరమ్మత్తుల సంగతీ..." అని నసిగాడు. ఆ పెద్దమనిషి నిన్ననే సెలవు నుంచి వచ్చాడు. తాను లేనప్పుడు ఏదో నిర్ణయమైందనుకున్నాడు. తెలియదంటే బాగుండదు కదా. "ఆఁ, ఆఁ, నాకు తెలుసు. కానివ్వండి," అన్నాడు. అలా లేని మరమ్మత్తుకు పైనుంచి అనుమతి కూడా వచ్చేసింది.

రాజ్యశ్రీ దిద్దుబాటు పంపబోతే సైటు ఆమెను గుర్తుపట్టలేదు. మళ్లీ లాగిన్ కమ్మంది. ఓటీపీ పంపానంది. సైటును తండ్రి నంబరు మీద పెట్టింది కాబట్టి ఆ ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్లింది. ఆయనకు చేస్తే బిజీ. మళ్లీ చేసినా బిజీ. కాలనీ మొత్తం ఆయనకే ఫోను చేస్తోంది.

ఆమె ల్యాప్‌టాప్ సంచిలో పడేసి స్కూటీ తీసింది. దారి పొడుగునా కొళాయిల చప్పుడే. బకెట్లు, బిందెలు, ప్రెషర్ కుక్కర్లు, చివరికి ఒకరింట్లో పిల్లల స్నానాల రబ్బరు తొట్టి కూడా నిండుతున్నాయి. కాలనీ కమిటీ సెక్రటరీ వినోద్ డాబా మీద నిలబడి పాత కూలర్లోకి పైపు వదులుతున్నాడు.

"వాహ్ బేటీ! ఏం సైట్ చేసినవ్! టైమ్‌కి ఖబర్ ఇచ్చినవ్!"

"అంకుల్, ఆ ఖబర్ గలత్! నీళ్లు ఎప్పట్లాగే వస్తాయి!"

"గలత్ ఎట్లా? నేను పెద్ద సాబ్‌ని అడిగిన. తనకి మాలూమ్ అన్నారు." కూలరు నిండింది. ఆయన పైపును పూలకుండీల వైపు తిప్పాడు.

పంప్‌హౌస్‌లో సత్యమూర్తి చెమటలు కక్కుతున్నాడు. ఫోనులో ఓటీపీ ఉంది. గడువు మాత్రం తీరిపోయింది. రాజ్యశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి ఇంకోటి అడిగింది. ఆయన అంకెలు చదువుతుండగానే మరో ఫోను వచ్చి తెర మారిపోయింది. అది కట్ చేసేసరికి ఆ ఓటీపీ కూడా చెల్లలేదు. మూడోసారి ఆమె తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుని, వచ్చిన ఫోనల్లా కట్ చేస్తూ సైటులోకి ప్రవేశించింది. "నీళ్లు యథావిధిగా వస్తాయి. కంగారు వద్దు," అని కొట్టి, ఈసారి కావాలనే 'అందరికీ' నొక్కింది.

"ఆ మరమ్మత్తు కబురు తప్పు, నాన్నా," అంది తల దించుకుని. "పొద్దున్న ఫాంటు చూసుకుంటూ నేనే పంపేశాను. మీ పేరు పాడుచేశాను."

సత్యమూర్తి ఏదో అనబోయేంతలో హెల్పరు లక్మా ట్యాంకు నిచ్చెన మీది నుంచి దిగొచ్చాడు. "ఏంది సారూ ఇది? టంకీల చుక్క నీళ్లు లేవు. అడుగు కనబడుతాంది."

ముగ్గురూ పైకి చూశారు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, కాలనీ కొళాయిలు ఒక్కొక్కటే దగ్గి ఆగిపోతున్నాయి. రాజ్యశ్రీకి ఏడుపొచ్చింది. తండ్రి ముఖం చూడలేక ల్యాప్‌టాప్ మూత మూసేసింది.

సత్యమూర్తి ట్యాంకు నిచ్చెన దగ్గరికి నడిచాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు. "అడుగున బురద ఎంతుందిరా?"

"మోకాలి దాంక ఉంది సారూ."

"కడగాలంటే నీళ్లాపాలి. ఆపుదామంటే ఒక్కరూ ఒప్పుకోరు. ఇవాళ ఎవరింట్లో చూసినా రెండు రోజుల నీళ్లున్నాయి." ఆయన గొంతులో అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరినవాడి హుషారు వినిపించింది. "చీపుర్లు తే. నేనూ దిగుతాను. నువ్వేటమ్మా అలా చూస్తావు? ఆ పెట్టె పక్కన పెట్టి పార పట్టుకో!"

పొద్దు వాలేసరికి ట్యాంకు అద్దంలా తయారైంది. ముగ్గురూ మోకాళ్ల దాకా బురదతో కూర్చుని వరహాలమ్మ పంపిన టీ తాగుతుండగా పై ఇంజినీరు ఫోను చేశాడు. ఇంత పద్ధతిగా, ముందుగా కబురు పెట్టి మరీ చేసిన మరమ్మత్తు తన సర్వీసులో చూడలేదన్నాడు. అంతా తనకు ముందే తెలుసని కూడా అన్నాడు.

వెనకే వినోద్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ముఖం గంభీరంగా ఉంది.

"కమిటీ మీటింగ్ అయింది బేటీ. మొదటి మెసేజ్ సౌ టకా సహీ, నూటికి నూరు నిజం. కానీ రెండోది ఎవడో పంపినాడు, నీళ్లు వస్తాయని. నమ్మి మా మిసెస్ రెండు బకెట్లు పారబోసింది. ఎవడు వాడు?"

రాజ్యశ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అది కూడా నేనే అంకుల్."

వినోద్ ఆలోచించి తీర్పు చెప్పాడు: మొదటి కబురు పంపినందుకు కమిటీ రేపు శాలువా కప్పుతుంది; రెండోది పంపినందుకు క్షమాపణ మాత్రం ఈ రాత్రికే కావాలి, తెలుగు ఒత్తుల గొడవ లేకుండా హిందీలో.