మోహనకృష్ణగారి తాపీ ఉద్యమం

"పజుండౌంగ్‌లో ఇకపై తెలుగువాడెవడూ తొందరపడరాదు. ఈ నిర్ణయం తక్షణం అమల్లోకి వస్తుంది!"

బర్మాలోని ఆ పేట తెలుగు సంక్షేమ సంఘం అధ్యక్షులు మోహనకృష్ణగారు విమానం దిగిన మర్నాడే ఈ ప్రకటన చేశారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. కార్యదర్శి ధర్మరాజు అందరికంటే గట్టిగా కొట్టాడు. కార్యదర్శి పని అదే కదా.

అధ్యక్షులవారు సంఘం ఖర్చుతో యూరప్ చూసొచ్చారు. అక్కడ మనుషులు ఒక్క కాఫీ ముందు పెట్టుకుని పూటంతా కూర్చుంటారట. వీధిలో పోయేవాళ్ళని చూస్తారట. పక్కవాడితో మాట్లాడతారట! "అదయ్యా మానవ జీవితం!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. టూరిస్టు బస్సు ఏ ఊళ్ళోనూ అరగంటకి మించి ఆగలేదు గానీ, లేకపోతే ఇంకా చాలా గమనించేవారే.

చిలకమ్మ టీకొట్టు 'స్లో లైఫ్ పైలట్ ప్రాజెక్టు'గా ఎంపికైంది. తనిఖీకి వెళితే అక్కడ పొట్టి స్టూళ్ళ మీద నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు.

"ఎవరీ సోమరులు?" అన్నారు అధ్యక్షులవారు.

"రోజూ వచ్చేవోళ్ళే బాబూ," అంది చిలకమ్మ. "తలో టీ సెప్పి, ఊరికే ఇచ్చే పచ్చ టీ తాగుతా మజ్జాన్నం దాకా కూకుంటారు. ఈదిలో పోయేవోళ్ళని సూత్తారు. కబుర్లాడుకుంటారు."

"వెనకబాటుతనం అంటే ఇదే. ఖాళీ చేయించండి."

ధర్మరాజు నసిగాడు. "సార్, అందులో ఒకాయన మా నాన్న."

"అయితే మర్యాదగా ఖాళీ చేయించండి."

ధర్మరాజు తండ్రి బంగారయ్య వయసులో ఉండగా సేక్కాన్ రేవులో మూటలు మోసినవాడు. కూర్చోవడమనేది ఆయనకి ముసలితనంలోనే దొరికింది.

"నాన్నా, లెగాల," అన్నాడు ధర్మరాజు తల వంచుకుని.

"ఏటైందిరా దర్మా?"

"ఇక్కడ తాపీగా కూకోడం మొదలెడతన్నారు."

బంగారయ్య కొడుకు మొహంలోకి చూశాడు. లేచి, మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట ధర్మరాజుకి అన్నం సహించలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అధ్యక్షులవారు మెడలో విజిల్ వేసుకొచ్చారు. ఒక విజిల్‌కి సభ్యులంతా టీ గుటక వెయ్యాలి. ఇంకో విజిల్‌కి వీధి చూడాలి. పొడుగు విజిల్‌కి పక్కవాడిని ప్రేమగా పలకరించాలి.

"త్వరగా కూర్చోండి! తాపీగా ఉండాలని చెప్తున్నానా లేదా? టైమైపోతోంది!"

ఇంతలో కరెంటు పోయింది. ధర్మరాజు జెనరేటర్ కోసం పరుగెత్తాడు. అది మొరాయిస్తే మెకానిక్ కోసం పరుగెత్తాడు. ఇంతా చేసి ముఖ్య అతిథి రాలేదు. ఆవిడ క్లారా, యూరప్ నుంచి వచ్చి లత అనే పక్క పేటలో అద్దెకుంటున్న దొరసాని. సాక్షాత్తూ యూరప్ మనిషి చేత శభాష్ అనిపించుకోవాలని అధ్యక్షులవారి పట్టుదల. ఆవిడ కోసం కూడా ధర్మరాజే పరుగెత్తాడు.

వాగు పక్కన ఫుట్‌పాత్ మీద దొరికింది. ముసలివాళ్ళు నలుగురితో పాటు కూర్చుని, బంగారయ్య చెప్పేదేదో విని పగలబడి నవ్వుతోంది. మధ్యలో టీ ఫ్లాస్కు.

వెనకే అధ్యక్షులవారు రొప్పుతూ వచ్చారు. "మేడమ్! మీ దేశపు నిదానం మా దగ్గర తయారైంది. రండి, చూద్దురుగాని!"

"నిదానమా?" అంది క్లారా చక్కని బర్మా భాషలో. "మా ఊళ్ళో అమ్మకి ఫోన్ చేస్తే, వచ్చే వారం ఖాళీ ఉందేమో చూస్తానంటుంది. అది పడకే కదా ఇక్కడ ఉండిపోయాను."

అధ్యక్షులవారు నివ్వెరపోయారు. ఒక్క క్షణమే. తర్వాత మొహం వెలిగిపోయింది.

"అంటే యూరప్‌లో వేగం ఉందన్నమాట! వెంటనే వెళ్ళి అధ్యయనం చెయ్యాలి. ధర్మరాజూ, టిక్కెట్లు!"

ధర్మరాజు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బంగారయ్య పక్కకి జరిగి చోటిచ్చాడు.

"కూకోరా."

ధర్మరాజు కూర్చున్నాడు. తండ్రి పోసిన టీ రెండు చేతులా అందుకున్నాడు.

"ఎప్పటికి తియ్యమంటారు సార్ టిక్కెట్లు?"

"వేగం గురించి అధ్యయనం కదయ్యా! తొందరపడితే ఎలా? ఓ ఆర్నెల్లకి చూడు."