గొడ్ల పాకకి గాజు కిటికీలు

ఆ ఉదయం చిన్నల్లుడి పథకం మహా సాదాసీదాది. టీ తాగాలి, కళ్ళజోళ్ళ దుకాణం మధ్యాహ్నం తెరుస్తానని తలుపు మీద చీటీ అంటించాలి, ప్లానింగు ఆఫీసుకు వెళ్ళి ఇంటి వెనక పొలం వైపు ఒక గది వేసుకోవడానికి పర్మిషన్ తెచ్చుకోవాలి. ఇందులో తగవుకి గానీ తలనొప్పికి గానీ చోటెక్కడుందో చెప్పండి! కానీ ఆ గది ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిస్తే మాత్రం, మొదటి రోజే ఎవరైనా చేతులు పట్టుకుని ఆపి ఉండేవారు.

చిన్నల్లుడు అన్నది అత్తగారు పిలిచే పిలుపు. అదే ఊరందరి నోటా స్థిరపడిపోయింది. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. అక్కచెల్లెళ్ళు ఒకరిని విడిచి ఒకరు ఉండలేమని పట్టుబట్టి, ఊరి చివర పొలాల అంచున పక్కపక్కనే ఇళ్ళు కట్టించుకున్నారు. వాళ్ళు సుఖంగానే ఉన్నారు. తోడల్లుళ్ళలో మాత్రం చిన్నవాడికి పెళ్ళయిన నాటి నుంచీ కడుపుమంట. కారణం లేకపోలేదు. "మా పెద్దల్లుడు" అన్నప్పుడు అత్తగారి గొంతు పూజారి మంత్రం చదివినట్టు మోగుతుంది. "చిన్నల్లుడా? ఉన్నాడు" అంటుంది రెండోవాడి గురించి ఎవరైనా అడిగితే. ఇన్నేళ్ళ అల్లుడరికంలో అతను సంపాదించుకున్న కితాబు ఆ "ఉన్నాడు" ఒక్కటే.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులా, హెడ్మాస్టరు ఉద్యోగం చేసే ఆ పెద్దల్లుడు పొలం వైపు అద్దాల గది తయారుచేయించాడు. అందులో కూర్చుంటే కంటికి ఆనినంత మేరా పచ్చదనమే. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకుంటున్నారు. అత్తగారైతే ఫోనులోనే మురిసిపోయింది. "వచ్చే నెల వస్తున్నానే! వచ్చి పెద్దల్లుడి అద్దాల గదిలోనే కూర్చుంటాను" అంది చిన్నకూతురితో. చిన్నల్లుడు పక్కనే ఉండి విన్నాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఆవిడ వచ్చేలోగా అంతకన్నా పెద్ద కిటికీలున్న గది కట్టి, "మా చిన్నల్లుడు" అని ఒక్కసారైనా ఆ నోటితోనే అనిపించుకోవాలి. అదీ సంగతి.

ఆఫీసులో పర్మిషన్లు చూసే మేడం కాగితాలు తిప్పి చూసి, తల అడ్డంగా ఊపింది.

"మీ స్థలం పొలాన్ని ఆనుకుని ఉందండీ. మనుషులు ఉండే గది వేయాలంటే మధ్యలో ఖాళీ వదలాలి."

"ఎందుకండీ? పొలం నన్నేం చేస్తుంది?"

"మందు కొడతారు, ట్రాక్టరు తిరుగుతుంది, ఎరువు కుప్ప పోస్తారు. గది కట్టుకునే వరకూ అందరూ బాగానే ఉంటారు. కట్టుకున్నాక కంపు, చప్పుడు అని మా మీదకే వస్తారు. అందుకే ఖాళీ వదలమంటాం. మీకు వదిలేందుకు చోటు లేదు. ప్రత్యేకంగా అనుమతి కావాలంటే పొలం ఆయన ఒప్పుకోవాలి, కమిటీ కూర్చోవాలి. ఆర్నెల్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"మరి మా పక్కింట్లో అద్దాల గది లేచిందిగా!"

"ఎవరి ఫైలు వాళ్ళదండీ. వాళ్ళ సంగతి మీకెలా చెప్తాను?" అని మేడం మరో ఫైలు అందుకుంటూ, ఊరికే మాటవరసకి అంది. "వ్యవసాయానికి పనికొచ్చేదైతే ఈ గొడవ లేదు. గొడ్ల పాకో, పనిముట్ల కొట్టో అయితే వారంలో ఇచ్చేస్తాం."

చిన్నల్లుడి బుర్రలో దీపం వెలిగింది. ఆహా! అదా కిటుకు! హెడ్మాస్టరుగారు గొడ్ల పాక పేరు చెప్పి అద్దాల గది లేపేశాడన్నమాట! పైకి ఎంత పెద్దమనిషి, లోపల ఎంత గుంటనక్క!

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య అతన్ని ఎగాదిగా చూసింది. "గోడ అవతలే కదండీ ఉన్నారు. బావగారు ఎలా కట్టారో ఆయన్నే అడిగితే పోలా?"

"ఆయన్ని అడగడమా? చచ్చినా అడగను! 'నువ్వూ కడుతున్నావా తమ్ముడూ' అని ఆ నవ్వొకటి నవ్వుతాడు చూడూ, ఒళ్ళు మండిపోతుంది. ఆయన చేసిన పని నేను చేయలేననుకున్నావా?"

మర్నాడే గొడ్ల పాకకి దరఖాస్తు పెట్టాడు. వారం తిరిగేసరికి పర్మిషన్ చేతికొచ్చింది. చిన్నల్లుడు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే తాపీమేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి పర్మిషను చూశాడు, పునాది తీశాడు, గోడలు లేపాడు. అంతవరకూ ఏమీ అనలేదు. కిటికీల దగ్గర ఆగాడు.

"గొడ్ల పాకకి ఇంత పెద్ద గాజు కిటికీలెందుకండీ?"

"గేదెకి వెలుతురు కావాలి."

"పాలిష్ బండలో?"

"శుభ్రత."

"మరి ఫ్యానుకి కొక్కెం పెట్టమన్నారు..."

"దానికి మాత్రం ఉక్కబోయదా? నీ పని నువ్వు కానివ్వవయ్యా! ముందు పక్కింటి కిటికీ కొలత తీసుకురా. దానికన్నా జానెడు పెద్దదుండాలి."

మేస్త్రి నోరు ఊరుకునేది కాదు. చిన్నల్లుడు గేదెల మీద పిచ్చి ప్రేమతో రాజభవనం కడుతున్నాడని ఊరంతా చెప్పొచ్చాడు. గోడ మీద నుంచి హెడ్మాస్టరు పలకరించాడు. "పాడి పెడుతున్నావటగా తమ్ముడూ! మంచి ఆలోచన." మొహంలో వెటకారం మచ్చుకైనా లేదు. అది చూసి చిన్నల్లుడికి మరీ మండింది. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంటూ పళ్ళు నూరుకున్నాడు.

గది అయిపోయింది. సోఫా వచ్చింది, తెరలు వచ్చాయి, కింద పరవడానికి పూల తివాచీ వచ్చింది. అత్తగారు దిగే రోజూ వచ్చింది. ఉదయమే సోఫా మీద దిండ్లు సర్దుతూ, "ఇవాళ తేలిపోతుంది చూడు ఎవరి గది గొప్పదో" అని భార్యతో అంటుండగా ఫోను మోగింది. ఆఫీసు మేడం!

"పాక పూర్తయిందటగా. ఇటు వైపే వస్తున్నాను. ఇంకో గంటలో వచ్చి ఒకసారి చూసి పోతాను. గేదె ఉందిగా?"

"గే... గేదె... ఎందుకు లేదండీ!" అని ఫోను పెట్టేసి, పర్మిషన్ కాగితం లాగి మొదటిసారి పూర్తిగా చదివాడు.

"లేకపోతే ఏమవుతుందట?" అంది భార్య.

"గేదె లేకపోతే అది పాక కాదట! పాక కాకపోతే కూలగొట్టిస్తారట! పర్మిషన్లోనే ఉంది, నేనే చదవలేదు!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పొలంలోకి పరుగెత్తాడు.

పొలం ఆయన నాగలి సరిచేసుకుంటున్నాడు. సంగతి విని నింపాదిగా నవ్వాడు. "ఒక్క గంటకేం సార్, తీసుకెళ్ళండి. కానీ దానికి కొత్త చోటంటే భయం. బుజ్జగించాలి."

గేదె గుమ్మం దాకా బుద్ధిగానే వచ్చింది. నున్నటి బండ మీద ఒక గిట్ట పెట్టి, సర్రున జారి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ముందు నుంచి చిన్నల్లుడు లాగాడు, వెనక నుంచి పొలం ఆయన తోశాడు. అది కదిలితే ఒట్టు! చివరికి భార్యే కొత్త తివాచీని గుమ్మం దాకా పరిచింది. అప్పుడు గేదె పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా ఆ పూల మీద అడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చి, ఫ్యాను కింద నిలబడి, తెర అంచు అందుకుని నమలడం మొదలుపెట్టింది. సోఫా బయటికి లాగుదామనుకునేలోగా వాకిట్లో జీపు ఆగింది.

మేడం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తివాచీ వేశారా?"

"కాళ్ళు జారకుండానండీ."

"సోఫా?"

"అది... పాలు పితికేవాళ్ళకి నడుం నొప్పి రాకుండా..."

"ఫ్యాను కూడా పెట్టించారు!" మేడం గొంతు వణికింది. అయిపోయింది, కూలగొట్టేస్తారు అనుకుని చిన్నల్లుడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మేడం కళ్ళు తుడుచుకుంటోంది. "నేను గొడ్లున్న ఇంట్లో పుట్టినదాన్నండీ. ఎన్ని పాకలు చూశానో. అన్నీ చీకటి కొట్లే. మూగజీవాన్ని ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని ఇదే చూడటం. దీన్ని ఆదర్శ పాకగా రాస్తాను. నలుగురినీ తీసుకొచ్చి చూపిస్తాను."

"అంత అవసరం లేదండీ..."

"మీరలాగే అంటారు. మంచివాళ్ళందరూ అంతే! ఎప్పుడు పడితే అప్పుడు వస్తాం, చెప్పి రాము. గేదె మాత్రం ఇక్కడే ఉండాలి సుమా. లేదంటే రూలు ప్రకారం గది తీసేయాల్సి వస్తుంది" అని గేదె మెడ నిమిరి వెళ్ళిపోయింది.

పొలం ఆయన అంతా విన్నాడు. విని, అప్పటికప్పుడు గేదెను అమ్మకానికి పెట్టాడు. చిన్నల్లుడు కొనక చస్తాడా!

ఈ సందడికి హెడ్మాస్టరు గోడ దాటి వచ్చాడు. చిన్నల్లుడి ఓపిక తెగిపోయింది. "మీకేం అన్నయ్యగారూ! గొడ్ల పాకని చెప్పి అద్దాల గది కట్టుకుని, గేదె లేకుండా హాయిగా ఉన్నారు. నాకే ఈ ఖర్మ!"

"గొడ్ల పాకేమిటి తమ్ముడూ?" హెడ్మాస్టరు నిజంగానే తెల్లబోయాడు. "అది మా పాత వరండా కదా! పునాది కదపలేదు, అడుగు పెంచలేదు. ఉన్న స్తంభాల మధ్యన అద్దాలు బిగించామంతే. దానికసలు పర్మిషనే అక్కర్లేదన్నారు. మీకూ అలాంటి వరండానే ఉందిగా. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణిగా!"

చిన్నల్లుడికి తల కొట్టేసినట్టయింది. భార్య వైపు చూడకుండా ఉండటానికి గేదె వైపు చూశాడు. అది రెండో తెర అందుకుంది.

మధ్యాహ్నానికి అత్తగారు దిగింది. అన్న మాట ప్రకారం తిన్నగా వెళ్ళి పెద్దల్లుడి అద్దాల గదిలో కూర్చుంది. చిన్నల్లుడు ఇక ఆశ వదులుకుని గేదె ముందు గడ్డి వేస్తూ నిలబడ్డాడు. అంతా అయిపోయింది. ఇక ఆవిడ ఊరంతా తిరిగి "చిన్నల్లుడు గేదెల్ని కాస్తున్నాడు" అని చెబుతుంది. దానికన్నా ఆ పాత "ఉన్నాడు" అన్న మాటే మేలు.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. అత్తగారు! మొహం ఎర్రగా కందిపోయి ఉంది, పమిటతో విసురుకుంటోంది.

"అద్దాల గదట అద్దాల గది! ఎండంతా లోపలే ఉంది. నన్ను అప్పడంలా ఎండబెట్టాడు మీ పెద్దాయన" అంటూ సోఫాలో కూలబడింది. పైన ఫ్యాను తిరుగుతోంది, కిటికీలోంచి పొలం గాలి వస్తోంది, గేదె నెమరు వేస్తోంది. ఆవిడ అన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత చిన్నకూతుర్ని కేకేసింది.

"ఏమేవ్, ఇలా రా! నోరులేని గొడ్డుకే ఇంత చేసినవాడు అత్తకి చేయడూ? ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను. మా చిన్నల్లుడు బంగారం!"

చిన్నల్లుడికి నెత్తిన పాలు పోసినట్టయింది. కళ్ళు చెమర్చాయి. గోడ అవతల హెడ్మాస్టరు విన్నాడా లేదా అని తొంగి కూడా చూశాడు.

"అందుకని ఒక నిర్ణయానికొచ్చాను బాబూ," అంది అత్తగారు సోఫా మీద కాళ్ళు ముడుచుకుని. "ఇక ఎక్కడికీ వెళ్ళను. నీ దగ్గరే ఉండిపోతాను. మీ పడగ్గది నాకిచ్చేయండి, మీరు హాల్లో సర్దుకోండి. తెల్లవారుజామునే పాలు కావాలి నాకు. పొలం వెళ్ళి పచ్చిగడ్డి నువ్వే కోసుకురా, ఎవరికీ అప్పజెప్పకు. ఆ టీవీ చప్పుడు నాకు పడదు."

సాయంత్రం చిన్నల్లుడు నెత్తిన గడ్డిమోపుతో గట్టు మీద నడిచి వస్తున్నాడు. ఎండ తగ్గింది. అద్దాల గదిలో హెడ్మాస్టరు వాలుకుర్చీలో కాళ్ళు బారజాపుకుని, భార్యతో ఏదో చెప్పి పకపకా నవ్వుతూ టీ తాగుతున్నాడు. టీవీ పెద్ద చప్పుడుతో మోగుతోంది. తోడల్లుణ్ణి చూసి ఆప్యాయంగా చెయ్యూపాడు.

ఇన్నేళ్ళలోనూ చిన్నల్లుడు ఆయన్ని చూసి అంతగా కుళ్ళుకున్నది లేదు.