విశ్వాసంతో వచ్చిన ఉద్యోగం

మా అవకాశాల శాఖ మంత్రి భీమశంకరం గారు తాడేపల్లిగూడెం సభలో ఒక చారిత్రక ప్రకటన చేశారు. "ఈ దేశంలో కష్టపడేవాడికి బాగుపడే అవకాశం ఉంది. లేదన్నవాణ్ణి నా దగ్గరికి తీసుకురండి" అన్నారు. మర్నాడు పొద్దున్న వారి ఇంటి ముందు మొదలైన వరుస ఉల్లిపాయల మార్కెట్ దాటి పోయింది. మంత్రిగారు దూరదృష్టి కలవారు. మేడ మీద నిలబడి వరుస కొస ఎక్కడుందో చూసి, మధ్యాహ్నానికల్లా ఒక సవరణ విడుదల చేశారు. లేదన్నవాళ్లు ఇళ్లకు వెళ్లాలని, ఉందన్నవాళ్లు మాత్రమే రావాలని దాని సారాంశం. ఎవరూ రాలేదు.

ఆ ఉందన్నవాళ్లను వెతికి తెచ్చే మహత్తర బాధ్యత నాకు దక్కింది. నా పేరు నెల్సన్. వట్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కెరీర్ గైడెన్స్ చెబుతాను, అంటే ఉద్యోగం ఎలా సంపాదించాలో పిల్లలకు నేర్పుతాను. నేను గెస్ట్ లెక్చరర్‌ని. అతిథిగా వచ్చి పుష్కరం దాటింది. ఇంటర్వ్యూలో తడబడకుండా కూర్చోవడం ఎలా అన్న పాఠంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. అన్ని ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను మరి.

మా కాలేజీ మంత్రిగారి బావమరిదిది. మంత్రిగారి పీఏ దత్తాత్రేయులు గారు నన్ను పిలిపించి కాఫీ ఇచ్చారు.

"మాస్టారూ, కష్టపడి బాగుపడ్డవాళ్లు ఓ పదిమంది కావాలండి. ఏలూరు సభలో మైకు ముందు చెప్పాలి. మీరు పట్టుకొచ్చారంటే మిమ్మల్ని పర్మనెంట్ చేయించే పూచీ నాదండి."

పర్మనెంట్ అన్న మాట చెవిన పడగానే నాకు దేశం మీద అపారమైన నమ్మకం కలిగింది. ఇంటికెళ్లి మా ఆవిడ పెర్సిస్‌తో, మన దేశం బాగా ముందుకు పోతోంది తెలుసా అన్నాను.

"పొద్దున్న వెళ్లేటప్పుడు పోవట్లేదుగదండీ" అంది.

ముందుగా ముదినేపల్లి వెళ్లి కౌలు రైతు ఇస్సాకును పట్టుకున్నాను.

"కష్టపడతారా అండీ?"

"పడతామండి."

"బాగుపడ్డారా?"

"పొలం గలాయన బాగుపడ్డాడండి. పిలవమంటారా?"

"ఆయన కష్టపడ్డారా?"

"మా దగ్గర కౌలు రాబట్టడం కష్టమేగదండి" అన్నాడు ఇస్సాకు, ఎంతో సానుభూతితో.

అక్కణ్ణుంచి కొల్లేటి వైపు వెళ్లాను. అక్కడ చేపల చెరువులున్న ఒకాయన, తాను కష్టపడే పైకొచ్చానని ఒప్పుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వివరాలు అడిగితే, "మా నాన్నగారు పోయినప్పుడు చాలా కష్టపడ్డామండి. తర్వాత చెరువులు నా పేరుకి వచ్చాయి" అన్నాడు.

ఇక నా పర్మనెంట్ కొల్లేట్లో కలిసిందనుకుంటుండగా ఆదివారం వచ్చింది. చర్చిలో సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే వేళ, రత్నమాణిక్యం గారు లేచారు. కొల్లేటికోట నుంచి వచ్చి వట్లూరులో అద్దెకుంటూ, చేపల ప్యాకింగ్‌కి వెళ్లే మనిషి. "మా అమ్మాయి షారోన్‌కి మంచి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దయచేసిన దేవునికి స్తోత్రం" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నవాణ్ణి నేనే.

షారోన్ నా దగ్గర చదువుకున్న పిల్లే. బయటికి రాగానే పట్టుకున్నాను.

"ఏ ఆసుపత్రమ్మా?"

"ఇంకా రాలేదు సార్. అమ్మ విశ్వాసంతో ముందే స్తుతించింది."

మా సంఘంలో ఇది మామూలే. అడిగింది చేతికి రాకముందే వచ్చిందని నమ్మి, నలుగురిలో లేచి కృతజ్ఞత చెబుతాం. నా పర్మనెంటుకి నేను చాలా క్రిస్మసుల కిందటే చెప్పేశాను. అయినా ఆ క్షణాన నాకు కలిగిన ఆలోచన మాత్రం ముమ్మాటికీ నా సొంతం. పరుగున వెళ్లి దత్తాత్రేయులు గారికి విన్నవించాను.

"ఇందులో తప్పేముందండీ? మా శంకుస్థాపనలన్నీ ఈ పద్ధతేగదా. మా అబ్బాయి సాయిచరణ్ ఇంజనీరింగ్ అయి ఇంట్లోనే ఉన్నాడు. వాడికీ వచ్చిందనిపించండి."

మూడు రోజుల్లో పదిమందీ తయారయ్యారు. అన్ని మతాల వాళ్లకూ సాక్ష్యం చెప్పడం నేర్పాను. షారోన్ ఒక్కతే కాస్త ఇబ్బంది పెట్టింది.

"సార్, దేవుడికి చెప్పడం వేరు కదండీ. నాకు ఉద్యోగం లేదని ఆయనకి తెలుసు."

"మంత్రిగారికీ తెలుసమ్మా."

"మరి ఎవరికి చెబుతున్నాం సార్?"

మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవాలని చెప్పాను.

ఏలూరు సభ దివ్యంగా జరిగింది. షారోన్ తల వంచుకుని, "నాకు ఉద్యోగం వచ్చింది, దేశానికి కృతజ్ఞతలు" అంది. సగం జనం అలవాటుగా ఆమెన్ అన్నారు. పార్టీవాళ్లు వెనకపడటం ఇష్టంలేక వాళ్లూ ఆమెన్ అన్నారు. మంత్రిగారు కళ్లు తుడుచుకుని, ఈ జిల్లాలో ఇక నిరుద్యోగి అనేవాడు లేడని ప్రకటించారు. నాకు ఒళ్లు పులకరించింది. ఎవరూ పిలవకపోయినా వేదికెక్కి, నేనూ పర్మనెంట్ అయ్యానని సాక్ష్యం చెప్పేశాను. ముందు వరుసలో పెర్సిస్ ఆమెన్ అంటూ ఏడ్చింది. మా పెళ్లయ్యాక ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదలు.

తర్వాతి వారం షారోన్‌కి నిజంగానే ఒక ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వెళ్లి, వెళ్లినంత సేపట్లోనే తిరిగొచ్చింది.

"నన్ను పేపర్లో చూశారట సార్. మీకెలాగూ ఉందిగదండీ, లేనివాళ్లకిద్దాం అన్నారు."

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే, విశ్వాసం వదలొద్దమ్మా అన్నాను. ఆ పిల్ల నావైపు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

సోమవారం ప్రిన్సిపాల్ కనకమహాలక్ష్మి గారు నన్ను పిలిచారు. ఆర్డర్ చేతికిస్తారని కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను.

"కూర్చోండి మాస్టారూ. కెరీర్ గైడెన్స్ ఎత్తేస్తున్నామండి. నిరుద్యోగులే లేని జిల్లాలో ఆ కోర్సు నడిపితే మంత్రిగారి మాటని శంకించినట్టు ఉంటుంది."

"మరి నేనండీ?"

"మీరు పర్మనెంట్ అయ్యారుగదండీ. మీరే చెప్పారు."

"ఎక్కడయ్యానండీ?"

"అది మేం అడగలేదండి. పర్మనెంట్ ఉద్యోగం ఉన్నాయన్ని మేం గెస్టుగా పెట్టుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు."

దత్తాత్రేయులు గారికి ఫోన్ చేశాను. వారు చాలా మర్యాదగా, మీరు ఉద్యోగం పోయిందని ఎక్కడా అనకండి మాస్టారూ, జిల్లా లెక్క చెడిపోతుంది అన్నారు.

పెర్సిస్‌తో చెబుదామనే ఇంటికెళ్లాను. వీధిలో అందరికీ స్వీట్లు పంచి, ఖాళీ డబ్బా కడుక్కుంటూ కనిపించింది. డబ్బా అందుకుని తుడిచి పెట్టాను.

మర్నాడు ఆమె క్యారేజీ సర్ది ఇచ్చింది. బస్సెక్కి, వట్లూరులో దిగకుండా ఏలూరు స్టేషన్‌కి వెళ్లాను. సాయంత్రం దాకా కూర్చున్నా ఎవరూ ఎందుకని అడగని చోటు అదొక్కటే తట్టింది. ప్లాట్‌ఫారం చివరికి నడిచాను. అక్కడ బెంచీ మీద ఇస్త్రీ చొక్కాలో సాయిచరణ్, పక్కన తెల్లకోటు వేసుకుని షారోన్, ఆ వరసన మిగతావాళ్లు, ఒళ్లో క్యారేజీలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

షారోన్ నన్ను చూసి లేచింది. తన సంచీ తీసి భుజాన వేసుకుని, చోటు చూపించింది.

"కూర్చోండి సార్. రేపట్నుంచి తొమ్మిదికల్లా రండి, ఫ్యాన్ కింద చోటు దొరుకుతుంది."