చప్పుడు చెయ్యని కారు

ఆదివారం పొద్దున్నే హిందూపురం నుంచి పెనుకొండకు కారులో వెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళకు తండ్రి చేత ఊ అనిపించుకోవాలని షాకిర్ ఆలోచన. 2003లో హిందూపురంలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న ఈ కుర్రాడికి బ్యాటరీ కారు మీద మనసు పడింది. పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు. అంతకన్నా ముఖ్యం, స్నేహితుల్లో ఒక్క రాఘవేంద్రకు తప్ప ఎవరికీ లేదు. బెంగుళూరులో ఉద్యోగం చేసే ఆ రాఘవేంద్ర కారునే ఒక్క రోజుకని అడిగి తెచ్చుకున్నాడు.

తండ్రి లాల్‌సాబ్ పెనుకొండలో ముప్పై ఏళ్లుగా అద్దె జీపు తోలుతున్నాడు. ఆయన మాట దాటే అలవాటు ఆ ఇంట్లో లేదు. "ఎవురూ తొయ్యకుండా అది మనింటి ముందరికి రావాల. తోసినారంటే కొనే మాట మళ్లా ఎత్తొద్దు," అని ముందే చెప్పాడు.

సోమందేపల్లి దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చి షాకిర్ కారు ఆపాడు. ఆగితే చప్పుడుండదు, అదే దాని గొప్ప. టీ అంగడి ముందున్న వాళ్లకు ఆ గొప్ప తెలియదు. ఆగిన బండిని చూస్తూ కూర్చోవడం మన సీమలో ఎవరివల్లా కాదు. నలుగురు పరుగున వచ్చి వెనక చేతులు వేశారు.

"ఆగిపోలేదన్నా, ఆన్‌లోనే ఉండాది," అన్నాడు షాకిర్.

"ఉంటే సప్పుడేదప్పా? గేరెయ్యి, తోస్తాం," అన్నాడు వాళ్లలో పెద్దవాడైన శంకరప్ప.

గొర్రెలు తప్పుకున్నాయి, కారు కదిలింది. తమవల్లే కదిలిందనుకున్న శంకరప్ప, మళ్లీ ఆగితే పిల్లోడికి ఎవరు దిక్కని జాలిపడి పక్క సీట్లో ఎక్కాడు.

ఇక షాకిర్ బ్రేకు తొక్కినప్పుడల్లా శంకరప్ప తల బయటపెట్టి జనాన్ని పిలిచాడు. పెనుకొండ బస్టాండు ముందు బస్సు అడ్డం వస్తే ఒక్క కేకకు పదిమంది వచ్చారు. షాకిర్ వద్దు వద్దన్నాడు. మొహమాటపడుతున్నాడనుకుని వాళ్లు ఇంకా గట్టిగా తోశారు. ఇద్దరు ముందు దారి చేస్తూ నడుస్తుంటే వేగం పెంచే వీలు కూడా లేకపోయింది. కారు ఊరేగింపుగా లాల్‌సాబ్ ఇంటి ముందుకు చేరింది.

షాకిర్ దిగి తలవంచుకున్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. "బండి బాగానే ఉండాది నాయనా. ఈళ్లే..."

లాల్‌సాబ్ కారు చుట్టూ తిరిగి, తోసినవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"నా జీపు ఆగితే గొంతు పోయేట్ల అరిచినా వీళ్లల్లో ఒక్కడూ రాడు. దీన్ని నవ్వుతా తోసినారు. ఇట్లాంటి బండి యాడ దొరుకుతాది? కొనుక్కో."

షాకిర్ ఆ నెలలోనే కొన్నాడు. ఎక్కడికి పోవాలన్నా లాల్‌సాబ్ ఆ కారే అడిగేవాడు. ఛార్జింగ్ ఉందా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.